వాపసు ఇచ్చిన మెగ్నీషియం కిట్టు

పటాన్‌చెరు చుట్టుపక్కల ల్యాబు పని చేసినవాళ్ళలో నా అంత గొప్ప బేరం ఎవరూ ఆడి ఉండరు. ఒక్క కిట్టు వాపసు ఇచ్చి, దాని బదులు ఆరు తెచ్చుకున్నాను. ఇచ్చింది రక్తంలో మెగ్నీషియం కొలిచే కిట్టు. తెచ్చుకున్నవి షుగరు కొలిచేవి. మెగ్నీషియం పరీక్ష ఆర్నెల్లకు ఒకరు రాస్తే గొప్ప. షుగరుకు మాత్రం రోజూ పొద్దున్నే బెంచీ నిండా జనం. గడువు దగ్గర పడిన సరుకును అంటగట్టి, ఏడాది గడువున్న సరుకు లాగాను. సేల్స్‌మన్ చెమట తుడుచుకుంటూ మెట్లు దిగాడు. నర్సింగ్‌హోమ్ యజమాని సర్జను. మేమంతా పెద్ద డాక్టరు అనేవాళ్ళం. ఆయన నా భుజం తట్టి, నీలాంటోడు ఇంకొకడుంటే రెండో అంతస్తు లేపుతా అన్నారు. ఆ సాయంత్రం నా నడకే మారిపోయింది.

మర్నాడే ఆ పాప వచ్చింది.

ల్యాబు కోర్సు ముగించి కొత్తగా కుర్చీలో కూర్చుంటున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ఉద్యోగంలో నేను సాధించినవి చెప్పమని అడిగారు. సాధించినవి ఎవరైనా చెబుతారు. ఇది వినండి.

మాది సంగారెడ్డి బజారులో కిరాణా కొట్టు. నాకు అక్షరాల కంటే ముందు పొట్లం కట్టడం వచ్చింది. అల్మారాలో కదలని సరుకు ఉంచకూడదన్నది మా నాన్న పెట్టిన రూలు. జీలకర్రకు పెట్టిన ఆ రూలును నేను తెలివిగా ల్యాబుకు తెచ్చాను. తొంభైల నడిమి సంగతి ఇది. మీరిప్పుడు చూసే మెషిన్లు మా దగ్గర లేవు. రక్తం మీద తేరిన తేటలో రంగు మందు కలిపి, ఆ రంగు ఎంత చిక్కగా వచ్చిందో ఒక చిన్న పెట్టెలో చూసి అంకె వేసేవాళ్ళం. పరీక్షకో కిట్టు, కిట్టుకో గడువు. గడువు దాటితే సింకులో పోయడమే. సింకులోకి పోయే ప్రతి చుక్కా నా గుండెలోంచి పోయినట్టుండేది.

పాపది లక్డారం. నాలుగో నెల. ఒళ్ళంతా బిగుసుకుని, కళ్ళు పైకి పోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే ఎత్తుకొచ్చారు. తల్లికి పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. డ్యూటీ డాక్టరు స్లిప్పు మీద కాల్షియం రాశాడు. నేను చేశాను. ఐదున్నర. తొమ్మిదికి అటూ ఇటూ ఉండాల్సింది. కాల్షియం నెమ్మదిగా నరానికి ఎక్కించారు, ఫిట్స్ ఆగాయి. రెండో రోజు కాల్షియం సిరప్ ఇచ్చి ఇంటికి పంపారు. నాలుగో రోజు మళ్ళీ వచ్చారు. మళ్ళీ ఐదున్నర. మళ్ళీ ఎక్కించారు, మళ్ళీ పంపారు. మొదటిసారి వచ్చిన తొమ్మిది రోజులకు మళ్ళీ.

మూడోసారి కూడా అంకె ఐదున్నర దగ్గరే ఉంటే నా కిట్టే పాడైందేమోనని కొత్త సీసా విప్పి చేశాను. మారలేదు. అంత మందు పోస్తుంటే ఈ అంకె ఎందుకు కదలడం లేదన్న ప్రశ్న నాకు వచ్చింది. వచ్చిందని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత ఏళ్ళ తరబడి, అది నీ పని కాదులే అని చాలామంది నన్ను ఓదార్చారు. ప్రశ్న వచ్చింది, నోరు విప్పలేదు. స్లిప్పు మీద కాల్షియం అని ఉంది, కాల్షియం రాసిచ్చాను.

పాప నడుముకు ఒక నల్లదారం ఉండేది. వాళ్ళ నానమ్మ బొంతపల్లి వీరభద్రుడి దగ్గరి నుంచి తెచ్చి కట్టింది. రక్తం తీసేటప్పుడు చూశాను, దాని కొస పొడుగ్గా వేలాడుతూ ఉంది, దాని నిండా ముడులు. ఇన్ని ముడులేంది బిడ్డా, ఒత్తుకోదా అన్నాను.

"ఒక్కొక్క ఫిట్టుకు ఒక్కొక్క ముడి సారు," అంది తల్లి. "ఎన్నిసార్లొచ్చిందని అడుగుతున్నరు గదా. నాకు రాసుడు రాదు."

పదకొండు ముడులు. మా కేస్ షీటులో మాత్రం 'పలుమార్లు' అని రాసి ఉంది.

ఆ రోజు గురువారం. సోమ, గురువారాలు హైదరాబాదు నుంచి పిల్లల డాక్టరమ్మ వచ్చేది. పాప వచ్చిన మొదటి రెండుసార్లూ ఆమె లేని రోజులే. ఆమె మంచం పక్కన నిలబడి మూడు రిపోర్టులూ వరుసగా పేర్చి చూసింది. ఆ మూడు కాగితాల మీదా నా చేతిరాతే. తర్వాత వాటిని వదిలేసి తల్లి వైపు తిరిగింది.

"మొదటి కాన్పేనా?"

"కాదు మేడం. ముందట ఒక కొడుకు. గిట్లనే కొట్టుకొని కొట్టుకొని మూడో నెలల పోయిండు."

"మీ ఆయన పెళ్ళికి ముందు నీకేమైతడు?"

"మేనమామ."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. నా వైపు చూడకుండానే అంది. "మెగ్నీషియం చెయ్యండి. ఇప్పుడే."

"మెగ్నీషియం లేదు మేడం."

"లేదంటే?"

"కిట్టు వాపస్ ఇచ్చిన. ఆర్నెల్లకొకటి కూడా రాదు. దాని బదలు ఆరు షుగర్ కిట్లు..." సగం మాట అలవాటు కొద్దీ గర్వంగానే వచ్చింది. మిగతా సగం రాలేదు.

"ఎప్పుడిచ్చిన్రు?"

"పది దినాలాయె."

"ఈ పాప మొదటిసారి ఎప్పుడొచ్చింది?"

తల్లే చెప్పింది. "తొమ్మిది దినాలాయె మేడం."

డాక్టరమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె పెద్ద సిస్టరును పిలిచింది. పెద్ద సిస్టరంటే మా హెడ్ నర్సు, ఆదివారం చర్చికి పోయి వచ్చి మరీ డ్యూటీ ఎక్కే మనిషి. "కాన్పుల గదిలో మెగ్నీషియం సల్ఫేట్ ఆంప్యూల్స్ ఉన్నయి గదా, తెచ్చి పెట్టు." కాన్పు సమయంలో బీపీ లేచి ఫిట్స్ వచ్చే తల్లులకు ఇచ్చేది ఆ మందే. పాప మంచానికీ కాన్పుల గదికీ మధ్య పది అడుగులు. తొమ్మిది రోజులుగా మందు పది అడుగుల దూరంలో ఉంది, అది కావాలని చెప్పాల్సిన అంకె రామచంద్రాపురంలో సేల్స్‌మన్ గదిలో ఉంది.

ఈలోగా పెద్ద డాక్టరు వచ్చారు. "అంకె లేకుండ మెగ్నీషియం ఎక్కిస్తరా? జెర ఎక్కువైతే ఊపిరి ఆగుతది. లక్డారం మొత్తం మన గేటు ముందట కూసుంటది. హైదరాబాద్‌కు రాసియ్యండి, మన తలనొప్పి పోతది."

హైదరాబాదు మాట వినగానే మూలన కూర్చున్న ముసలమ్మ లేచింది. ఆమె పాపకు నానమ్మ, తల్లికి అత్త. అంతకుముందు నుంచీ అమ్మమ్మ కూడా, ఎందుకంటే కూతురి కూతుర్నే కొడుక్కు చేసుకుంది. "ఏ హైదరాబాద్ ఒద్దు. ఇంటికి తోల్కపోదాం పా. ఈ కంపెనీల కంపుకు పోరలు బతుకుతలేరు. మన రాతల లేదు."

చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల వాసనకు మేమంతా చాలా నేరాలు అంటగట్టేవాళ్ళం. కొన్ని నిజమే. ఇది మాత్రం కాదు.

తల్లి పాపను ఒళ్ళోకి తీసుకుని మంచం మధ్యకు జరిగి బాసింపట్టు వేసుకు కూర్చుంది. "మొదటోన్ని గట్లనే తోల్కపోయినం అమ్మమ్మా. నీ మాట ఇన్న. ఇగ ఇన. ఏం లేదన్నరో అది తెచ్చి చూసేదాంక నేను ఈడికెల్లి లేవ."

అత్తా అని పిలవాల్సిన చోట అమ్మమ్మా అంది. ముసలమ్మ మళ్ళీ మూలకు పోయి కూర్చుంది.

డాక్టరమ్మ పెద్ద డాక్టరుతో తగ్గు గొంతుతోనే అంది. "సార్, దారిల ఇంకో ఫిట్టు వస్తే అంబులెన్సుల ఏం చేస్తరు? రక్తం ముందే తీయిస్త. సంతకం నాది." నా వైపు తిరిగింది. "తీసి పక్కకు పెట్టి పోండి. కిట్టు పట్టుకొని రండి."

రక్తం తీసి, తేట వేరు చేసి, ఫ్రిజ్‌లో పెట్టి స్కూటరెక్కాను. సేల్స్‌మన్ బనీను మీద అన్నం తింటూ తలుపు తీశాడు.

"మెగ్నీషియం కిట్టు ఉన్నదా అన్నా?"

"ఫ్రిజ్‌ల ఉంది. ఎవలు కొంటరు సార్ దాన్ని? మీరే గదా నా నెత్తికి కట్టిన్రు."

"ఇయ్యి."

"మరి నా ఆరు?"

"రెండు విప్పిన. నాలుగు వాపస్ తెస్త. ఆ రెండింటికి నువ్వెంతంటే అంత."

అతను ముద్ద చేతిలోనే పట్టుకుని నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "పానం మంచిగున్నదా సార్? బేరం ఆడ్తలేరేంది?"

పుట్టి బుద్ధెరిగాక అడిగినంత ఇస్తానన్న మొదటి బేరం అది. తిరుగుదారిలో లారీల మధ్య నుంచి స్కూటరు దూరుస్తూ నన్ను నేను పొగుడుకున్నాను కూడా. సినిమాలో లాగా నేను కిట్టు తెస్తాను, అంకె వస్తుంది, మందు పడుతుంది, పాప బతుకుతుంది.

అలా జరగలేదు. నేను వెళ్ళిన అరగంటకే పాపకు మళ్ళీ ఫిట్టు వచ్చింది. డాక్టరమ్మ ఎవరినీ అడగలేదు, ఎవరి కోసమూ ఆగలేదు. బరువుకు తగ్గ లెక్క కట్టి, మందును పలుచన చేసి, గడియారం ముందు పెట్టుకుని నెమ్మదిగా ఎక్కించింది. నేను వచ్చేసరికి పెద్ద సిస్టరు చిన్న సుత్తితో పాప మోకాలి కింద తడుతూ ఉంది. మెగ్నీషియం మోతాదు మించితే ముందు ఆ కాలి కదలిక పోతుంది, తర్వాత ఊపిరి. విరుగుడుగా కాల్షియం సిరంజి ట్రేలో సిద్ధంగా ఉంది. తట్టినప్పుడల్లా కాలు లేస్తూనే ఉంది. పాప నిద్రపోతోంది. తల్లి బాసింపట్టు విప్పలేదు.

"తెచ్చిన్రా?" అంది డాక్టరమ్మ. "చెయ్యండి. ఇప్పుడు మీ అంకె రేపటి కోసం కావాలె."

మందుకు ముందు తీసిన తేట అది. మెగ్నీషియం ఉంటే ఆ రంగు నీళ్ళు ఎర్రబారాలి. పాప గొట్టాన్ని తేట కలపని ఉత్త రంగు మందు గొట్టం పక్కన పెడితే రెండూ కవలల్లా ఉన్నాయి. మళ్ళీ చేశాను. సున్నా పాయింట్ నాలుగు. రెండుకు దగ్గరగా ఉండాల్సింది. రెండు రూపాయలు ఉండాల్సిన గల్లాలో నలభై పైసలు ఉన్నట్టు అనిపించింది నాకు. నా బుర్రలో వేరే భాష లేదు, ఏం చేయను.

పెద్ద డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివి, హైదరాబాదు ఊసెత్తకుండా తన గదిలోకి వెళ్ళిపోయారు.

మూడో రోజుకు కాల్షియం తనంతట తాను ఎనిమిదిన్నరకు చేరింది. నరానికి కాల్షియం ఆపేశాకే చేరింది. డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. మెడలో చిన్న గ్రంథులు ఉంటాయి, రక్తంలో కాల్షియం తగ్గితే అవి కబురు పంపి ఎముకల్లోంచి తెప్పిస్తాయి. మెగ్నీషియం బాగా పడిపోతే ఆ గ్రంథులు కబురే పంపవు. నా మాటల్లో చెప్పాలంటే సరుకు గోదాములో నిండా ఉంది, తాళం చెవి లేదు. మేము తొమ్మిది రోజులు గోదాము బయట గిన్నెడు గిన్నెడు సరుకు పోసి, ఎందుకు నిలవడం లేదని తలలు పట్టుకున్నాం.

పాప మూత్రంలో కూడా మెగ్నీషియం కొలిపించింది. దాదాపు లేదు. రక్తంలో ఇంత తక్కువున్నప్పుడు మూత్రంలో బాగా కనిపిస్తే కిడ్నీలు కార్చేస్తున్నట్టట. అలాంటి వారసత్వపు రకాలూ ఉన్నాయని, కొందరిలో కిడ్నీల్లో సున్నం కూడా పేరుకుంటుందని చెప్పింది. ఈ పాపది పేగు తీసుకోలేకపోవడం. తిన్నదాంట్లో ఉన్నా లోపలికి రాదు.

ఇంటివాళ్ళకు చెప్పేటప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. తండ్రి అప్పుడే బొల్లారం వైపు మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చాడు.

"తప్పు ఎవలది మేడం?" అన్నాడు.

"తప్పు కాదు. మీ ఇద్దరి దగ్గర ఈ లోపం సగం సగం ఉంది. సగం ఉన్నోళ్ళకు ఏం కాదు. రెండు సగాలు ఒక్క బిడ్డకు వస్తే గిట్ల అయితది. ప్రతి కాన్పుకు నాలుగిట్ల ఒక వంతు."

వేరే ఇంటి కోడలైతే ముసలమ్మకు తిట్టడానికి ఒక ఇల్లు ఉండేది. ఇక్కడ ఆ ఇల్లూ తనదే. "భూమి ఇంట్లనే ఉండాలని చేసిన," అంది చివరికి. "గిది గుడ ఇంట్లనే ఉండె అని నాకేం ఎరుక?"

తర్వాత అసలు చిక్కు. ఈ మెగ్నీషియం బతికినంత కాలం నోటి ద్వారా ఇస్తూనే ఉండాలి, అందరి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా. ఒకేసారి ఎక్కువిస్తే విరేచనాలవుతాయి. విరేచనాలైతే ఉన్న మెగ్నీషియం కూడా పోతుంది. అందుకని కొద్దికొద్దిగా రోజుకు ఐదారు సార్లు.

మర్నాడు తండ్రి టిఫిన్ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే తెల్లటి పలుకులు. "మెగ్నీషియం సల్ఫేట్ సారు. మందులు కరిగించే సాల్వెంట్ల నీళ్ళుంటే పీల్చుకోనీకి వేస్తం. మా కంపెనీల బస్తాలకు బస్తాలు ఉంటది. ఇదే గదా?"

నిజం చెబుతున్నాను, నా కిరాణా రక్తం ఒక్క క్షణం ఉరకలేసింది. జీవితాంతం మందు, అదీ ఊరికే. చెయ్యి డబ్బా దాకా పోయింది. పెద్ద సిస్టరు దాన్ని మూతతో సహా లాక్కుంది. "దీనికి ఏమేం అంటుకున్నదో నీకెరుకనా తమ్మీ? మీ సాల్వెంట్లు పసిపోరి కడుపుల పోస్తవా?" తర్వాత నా వైపు చూసింది. "మీరేందో చెయ్యి చాపుతున్నరు."

హైదరాబాదులో మందులు నూరి ఇచ్చే పాతకాలపు కెమిస్టు ఒకాయన దొరికాడు. డాక్టరమ్మ రాసిన మెగ్నీషియం పొడి ఆయన దగ్గర తెప్పించాం. దాన్ని ఆమె చీటీ ప్రకారం ల్యాబు త్రాసు మీద తూచి, కాగితం పొట్లాలు కట్టడం నా పనైంది. ఐదు పూటలకు ఐదు పొట్లాలు. పదేళ్ళ వయసులో నేర్చుకున్న మడత అది. నా చదువంతటిలో ఆ పాపకు పనికొచ్చింది అదొక్కటే.

పెద్ద డాక్టరు తర్వాత ఒక రోజు నన్ను పిలిచి మంచి మాటే చెప్పారు. "నువ్వేం మనసుల పెట్టుకోకు. ఎవలు రాసిన్రు నీకు మెగ్నీషియం అని? కిట్టు ఉన్నా ఉపయోగమేముండె?"

"ఉంటే మూడోసారి నేనే వేసి చూస్తుంటి సార్," అన్నాను.

"నిజంగనా?"

నమ్ముతున్నాను అన్నాను. ప్రమాణం చేయమంటే చేయలేను. కానీ ఆయన ఇచ్చిన మాఫీ మాత్రం తీసుకోలేదు. ఇప్పటికీ ఎవరిచ్చినా తీసుకోను. ఆ రోజు నుంచి ప్రతి ఏడాదీ ఒక మెగ్నీషియం కిట్టు తెప్పించాను, ఆర్డరు చీటీలో ఆయన కొట్టేసినా మళ్ళీ రాశాను. గడువు దాటినప్పుడు సింకులో పోసి, రిజిస్టరులో వేస్టేజీ అని రాసి, కింద నా పేరు పూర్తిగా సంతకం పెట్టాను. ఒకసారి ఆయన ఆ సంతకాలన్నీ చూపించి ఏందయ్యా ఇది అన్నారు. నా జీతంల కొయ్యండి సార్ అన్నాను. కొయ్యలేదు. కోసినా ఆపేవాడిని కాదు.

ఆ కిట్లు అన్నీ సింకులోకే పోలేదు. ముత్తంగి దగ్గర దిగిన ఒక లారీ డ్రైవరు, రోజూ తాగే మనిషి, చేతులు వణుకుతూ వచ్చాడు. ఎంత పొటాషియం ఇచ్చినా అంకె లేవడం లేదు. ఈసారి నోరు విప్పాను. స్లిప్పు మీద లేకపోయినా డ్యూటీ డాక్టరు ముందుకు వెళ్ళి, మెగ్నీషియం చూడమంటారా సార్ అన్నాను. ఆయన విసుక్కుంటూ రాశాడు. తక్కువే ఉంది. అది సరిచేశాక పొటాషియం లేచింది. నెలల తరబడి విరేచనాలున్నవాళ్ళు, నీరు తగ్గడానికి మాత్రలు మింగేవాళ్ళు, షుగరు అదుపులో లేనివాళ్ళు, ఏళ్ళ తరబడి గ్యాసు మాత్రలు వేసుకునేవాళ్ళు (ఈ చివరిది తర్వాతి రోజుల్లో తెలిసిన సంగతి). వాళ్ళందరిలోనూ ఇది పడిపోవచ్చు. అడిగితేనే కనిపిస్తుంది. మీ మెషిన్లు నా కంటే వేగంగా అంకెలు చెబుతాయి, కానీ మీరు నొక్కని బటన్‌కు అవి కూడా జవాబివ్వవు.

ఆ తల్లి మళ్ళీ పిల్లలను కనలేదు. ఇంట్లో ఎంత ఒత్తిడి పెట్టినా, ఈ ఒక్కదాన్ని సాదుకుంట అని నిలబడింది. పాపకు తొమ్మిదేళ్ళప్పుడు రక్త పరీక్షకు తెచ్చింది. ఫిట్స్ లేవు. మెగ్నీషియం మామూలు కంటే కాస్త తక్కువలోనే నిలిచింది. అంతకంటే పెంచితే కడుపు ఒప్పుకోదు. పిల్ల చలాకీగా ఉంది, నా త్రాసు పళ్ళెం వేలితో నొక్కి ఆడుకుంది. మూడో తరగతి. లెక్కలు మాత్రం వేళ్ళ మీద చేసినా తప్పుతున్నాయట.

"చిన్నప్పుడు గన్ని ఫిట్స్ వచ్చినందుకేనా సారు?" అంది తల్లి. "డాక్టరమ్మనడిగితే చెప్పలేమన్నది."

చెప్పలేమన్నది వైద్యం ప్రకారం నిజం. ఆ మాట వెనక దాక్కోవడానికి నాకు చోటు కూడా ఉంది. "కావచ్చు బిడ్డా," అన్నాను. కిట్టు సంగతి మొదటి నుంచి చెప్పాను. ఆమెకు ఆ రోజే సగం తెలుసు. మొత్తం విన్నది. సంచిలోంచి పొడి డబ్బా తీసి, "పొట్లాలు రెండు దినాలకే ఉన్నయి," అని బల్ల మీద పెట్టింది. నేను త్రాసు ముందుకు లాక్కున్నాను.

ఇక ఆ బేరం ఆఖరి బిల్లు. నాకు వచ్చింది ఆరు షుగరు కిట్లు, వాటిలో నాలుగు వాపసు పోయాయి, ఒక భుజం తట్టడం. పోయింది తొమ్మిది రోజులు. మొదటి రోజు ఫిట్టుతోనే వచ్చింది గనుక ఆ ముడి నాది కాదు. అది తీసేస్తే నల్లదారం మీద మిగిలినవి పది, నేను స్కూటరు మీదున్నప్పుడు వచ్చినది ఒకటి. మొత్తం పదకొండు.